గిదెవరి చెయ్యి?

నల్లబట్ట సంచి అది. పాత గొడుగు గుడ్డతో కుట్టింది. మూతికి బొందు. శనివారం ఆఖరి పీరియడ్‌కు టీచర్ ఆ సంచి పట్టుకొని క్లాసులోకి వస్తే మేమంతా ఒక్కసారే బెంచీల మీదికి ఎక్కేవాళ్ళం. ఒక్కొక్కరినే పిలిచి కండ్లకు రుమాలు కట్టేది. సంచిలో చెయ్యి పెట్టాలి. చేతికి తగిలిన వస్తువును బయటికి తియ్యకుండా అదేందో చెప్పాలి. తాళంచెవి, దువ్వెన, నిమ్మకాయ, చింతగింజ, గోలీ, సుద్దముక్క, చెంచా, దూది, గుండీ. చెప్తే చప్పట్లు. చెప్పకపోతే గొల్లున నవ్వులు. ఆట అంతే.

1974. నేను నాలుగో తరగతి. ఆబిడ్స్‌లో ఒక సందులో ఉన్న ఇంగ్లీషు మీడియం బడి అది. పేరు రాయను. ఆ బడి ఇప్పుడు ఆ సందులో లేదు కూడా.

అలాంటి బడిలో నేనెట్లా పడ్డానని మీకు అనుమానం రావాలి. మా అయ్య జీపీవో ఎదురుగా ఫుట్‌పాత్ మీద కూర్చొని చెప్పులు కుట్టేవాడు. తాండూరు దిక్కు పల్లె మాది. కరువుకు ఊరిడిచి ప్యాసింజర్ బండెక్కి నాంపల్లి స్టేషన్‌లో దిగిన మనుషులు, మళ్ళీ ఎక్కడికని పోతారు? స్టేషన్ వెనకాలే గుడిసె వేసుకున్నారు. అయ్య దగ్గర చెప్పుల తెగిన పట్టీలు కుట్టించుకునే ఒక క్రైస్తవ మేడం, పక్కన గోనెపట్టా మీద కూర్చొని తడిసిన పేపరు ముక్కల మీది అక్షరాలు కూడబలుక్కుంటున్న నన్ను చూసి, సగం ఫీజుకు మాట్లాడి బడిలో వేసింది. మిగిలిన సగం ఫీజు అయ్య కట్టేవాడు. ఎన్ని జోళ్ళు కుడితే నా నెల ఫీజు అవుతుందో నాకు లెక్క తెలుసు. నేను మొదట నేర్చిన గుణకారం అదే.

ఇక్కడొక మాట. ఆబిడ్స్ అనే పేరు ఎట్లా వచ్చిందో హైదరాబాదులో చాలామందికి తెలియదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర బట్టలూ సామాన్లూ చూసుకునే ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆయన అక్కడ ఒక దుకాణం పెట్టాడు. ఆ దుకాణం పోయింది, పేరు నిలిచింది. ఒక రాజు బట్టలు సర్దిన మనిషి పేరు మీద ఊరి నడిమి సెంటర్ వెలిసింది. ఊరందరి జోళ్ళు కుట్టినోళ్ళ పేరు మీద ఒక సందు మలుపు కూడా లేదు. మా అయ్య కూర్చున్న చెట్టు కూడా రోడ్డు వెడల్పులో పోయింది.

సంచి ఆటకు వస్తాను.

ఆ ఆట నాకు బడిలో కొత్త కాదు. మా గుడిసెలో కరెంటు లేదు. కందీలు ఉండేది గానీ గ్యాసునూనె అయిపోతే అయిపోయినట్టే. చీకట్లో మమ్మల్ని నిద్రపుచ్చడానికి అయ్య తన పెట్టెలో నుంచి ఒక్కొక్క పనిముట్టు తీసి మా అరచేతిలో పెట్టేవాడు. "గిదేందిరా?" అనేవాడు. ఆరె. రంపె. గూటం. కత్తెర. ఇనుప పాదం. మైనం రుద్దిన దారం. సీలలు. ఇవి సులువే. తర్వాత తోలుముక్కలు మొదలుపెట్టేవాడు. వేలి కొస కింద గరుకుగా, సన్న సన్న గింజల మాదిరి తగిలితే మేకది. మెత్తగా, లోపల దూది ఉన్నట్టు అణిగితే గొర్రెది. మందంగా, మొరటుగా ఉంటే బర్రెది. నున్నగా, బిగువుగా ఉంటే దూడది. బొటనవేలితో ఒత్తినప్పుడు చుట్టూ సన్న ముడతలు పడితే తోలు. పడకుండా గుంట మాత్రమే పడితే రెగ్జిన్. "పైస వెట్టి కొనేటోడు కండ్లతోటి చూస్తడు. మనం ఏలుతోటి చూడాలె" అనేవాడు. మా చెల్లె తప్పు చెప్పినా సరే తలకాయ నిమిరి రైటేనే అనేవాడు. నన్ను మాత్రం వదిలేవాడు కాదు.

అయ్యకు ఇదంతా మా తాత నేర్పిన విద్య. ఊళ్ళో తాతకు లంద ఉండేది. చచ్చిన గొడ్డును మోసుకొచ్చి, ఒలిచి, ముందు సున్నం నీళ్ళలో వేసేవాడు. వెంట్రుక ఊడేందుకు వచ్చిందా లేదా అన్నది సున్నం తొట్టిలో చెయ్యి పెట్టి జారుడును బట్టి చెప్పాలి. తర్వాత తంగేడు చెక్క నానేసిన లంద. అందులో తోలు పండిందా లేదా అన్నదీ చేతికే తెలుస్తుంది. గడియారం లేదు, పుస్తకం లేదు. తాత గోళ్ళు చచ్చేదాకా తంగేడు రంగులోనే ఉన్నాయి. కాలేజీలో కెమిస్ట్రీ చదువుకున్నవాళ్ళు ఇదే పనిని టానింగ్ టెక్నాలజీ అంటారు, డిగ్రీ పట్టా ఇస్తారు. తాత చేస్తే కంపు అన్నారు, ఊరి బయట ఉండమన్నారు.

అందుకే ఆ శనివారాల్లో నేను రాజును. దువ్వెనా గోలీలే కాదు, దువ్వెన పండ్లలో ఒకటి విరిగిందని చెప్పేవాణ్ణి. తాళంచెవి ఇత్తడిదా ఇనుపదా చెప్పేవాణ్ణి. ఇంగ్లీషు పాఠం అప్పజెప్పేటప్పుడు నోరు పెగలని పోరడు, కండ్లకు గంతలు కట్టంగనే క్లాసుకు ఫస్టు. టీచర్‌కు కూడా పంతం పుట్టినట్టుంది. ఒక శనివారం ఆమె సంచిలో కొత్త వస్తువు పడేసింది. పట్టుకున్నాను. చిన్నది, సన్నగా పొడుగ్గా, ఒక పక్క రంధ్రాల వరస.

"వాచీ బెల్టు ముక్క" అన్నాను. చప్పట్లు మొదలయినాయి. నేను ఊరుకోలేదు. "దూడ తోలు టీచర్. అడుగున గొర్రెది అతికిచ్చిండ్రు."

చప్పట్లు ఆగినాయి. "హౌ డు యూ నో?" అని అడిగింది టీచర్.

ఇంగ్లీషులో ఏమనాలో తెలియలేదు. తెలుగులోనే, ఛాతీ విరుచుకొని చెప్పాను: "మా అయ్య జీపీవో కాడ చెప్పులు కుడ్తడు టీచర్. నాకన్ని తెలుసు."

రుమాలు ఇంకా కండ్లకే ఉంది. ఎవరి మొహం ఎట్లా మారిందో నాకు కనబడలేదు. నేను బెంచీకి తిరిగి వచ్చి కూర్చున్నప్పుడు పక్కనున్న పిల్లగాడు తన పుస్తకాల సంచిని ఒడిలోకి తీసుకున్నాడు. అంతవరకు అది మా ఇద్దరి మధ్యన ఉండేది. అప్పుడు నాకు ఆ సంగతి సంగతిలా అనిపించనే లేదు.

రెండు వారాల తర్వాత టీచర్ ఆట మార్చింది. సంచి లేదు. ఒకరికి గంతలు కట్టి నిలబెడితే, మిగిలినవాళ్ళలో ఒకరు చప్పుడు చెయ్యకుండా వచ్చి చెయ్యి చాపాలి. ఆ చెయ్యిని పట్టుకొని ఎవరిదో చెప్పాలి. బలే ఉండింది. ఉంగరాలున్నవాళ్ళు, గాజులున్నవాళ్ళు దొరికిపోయేవాళ్ళు. గోళ్ళు కొరికేవాడు దొరికిపోయేవాడు. నా వంతు వచ్చింది. గంతలు కట్టారు. కుడిచెయ్యి చాపి నిలబడ్డాను.

ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. బయట రిక్షా గంటలు. గుసగుసలు. ఎవరో ఎవరినో తోస్తున్నారు. బూట్లు నేల మీద రాసుకుంటున్నాయి. ఒక జత బూట్లు దగ్గరిదాకా వచ్చి వెనక్కి పోయాయి. ఇంకో జత అసలు కదలలేదు. "కమాన్, కమాన్, ఎనీబడీ" అంటున్నది టీచర్. ఆమె గొంతు నాకు ఎంత దూరంలో ఉందో నా చెవికి తెలుస్తూనే ఉంది. రెండడుగులు. ఆ రెండడుగులు ఆమె కూడా వెయ్యలేదు.

ఎంతసేపు నిలబడ్డానో చెప్పలేను. చెయ్యి నొప్పి పుట్టి దించుదామా అనుకుంటున్నప్పుడు, చేతిలో ఒక చెయ్యి పడింది. పెద్దది. తడిగా ఉంది. వేళ్ళ సందుల్లో చర్మం పగిలి చీలికలు చీలికలుగా ఉంది. ఫినాయిల్ వాసన. అరచేతిలో చీపురు పట్టిన కాడ కాయ కాసి ఉంది. మా అమ్మ చేతిలోనూ ఉంటుంది ఆ కాయ, అదే చోట.

"ఆయమ్మ" అన్నాను.

క్లాసు పగలబడి నవ్వింది. ఆటలో లేని మనిషి పేరు చెప్పానని నవ్వారో, కరెక్టుగా చెప్పానని నవ్వారో. రుమాలు విప్పింది కూడా ఆయమ్మే. ఆమె బాత్రూములు కడిగే మనిషి. వరండాలో నుంచి చూస్తూ పోతూ, చీపురు గోడకు ఆనించి లోపలికి వచ్చింది. క్లాసులోకి రావడానికి ఆమెకు అనుమతి లేదు. తర్వాత ఆమెను ఆఫీసు గదికి పిలిచారని విన్నాను. ఏమన్నారో తెలియదు. మర్నాటి సోమవారం ఆమె మామూలుగానే కడుగుతూ కనిపించింది. చేతుల ఆట మాత్రం మళ్ళీ ఎప్పుడూ ఆడించలేదు. సంచి ఆటా కొన్నాళ్ళకు ఆగిపోయింది.

ఇంట్లో చెప్పాను. అమ్మ తిట్టింది, బడినీ, టీచర్‌నీ, నన్నూ కలిపి. "తోలు సంగతి నిన్నెవడు చెప్పమన్నడురా?" అన్నది. అయ్య దారానికి మైనం రుద్దుతూ చాలాసేపు మాట్లాడలేదు. ఆఖరుకు అన్నాడు: "నేను ముట్టని జోడు ఆ బడిల ఒక్కటన్న ఉన్నదా? అందరి కాళ్ళకు నా చెయ్యే ఉన్నది. ఆళ్ళకు ఎరుక లేదు." నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వు నాకు అప్పుడు కోపం తెప్పించింది.

అది జనవరి. నాంపల్లి ఎగ్జిబిషన్ జరుగుతున్నది. నుమాయిష్ అంటే మా బస్తీకి జాతర. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలయింది, 1946లో ఇప్పటి మైదానానికి వచ్చింది. ప్రతి ఏడూ జనవరి ఒకటి నుంచి నెలన్నర. గోడ అవతల మైకులో తప్పిపోయిన పిల్లల పేర్లు చదువుతుంటే ఇవతల మేము అన్నం తినేవాళ్ళం. టికెట్టు కొనుక్కొని లోపలికి పోయింది మాత్రం ఆ ఏడే. అయ్య నన్నొక్కణ్ణే తీసుకపోయాడు. ఎందుకని చెప్పలేదు. నాకు తెలుసు.

ఏదో ఉత్తరాది జోళ్ళ స్టాలు. అయ్య ఒక జోడు మీద వేలు పెట్టాడు. "హాత్ మత్ లగావ్" అన్నాడు దుకాణపాయన. అయ్య వేలు తియ్యలేదు. బొటనవేలితో ఒక్కసారి ఒత్తాడు. పక్క జోడు మీద ఇంకోసారి. "ఏ అస్లీ హై. ఏ రెగ్జిన్ హై. దోనోంకా ఏకీచ్ దామ్ కైకూ లగాయే?" అన్నాడు. అక్కడ జోళ్ళు బేరం చేస్తున్న ఇద్దరు ముగ్గురు గిరాకీలు తిరిగి చూశారు. దుకాణపాయన రూటు మార్చి, "మీరు ఏం వ్యాపారం చేస్తారు సాబ్?" అని మర్యాదగా అడిగాడు. మా అయ్య జీవితంలో నేను విన్న రెండే ఇంగ్లీషు మాటలు అప్పుడు అన్నాడు. "షూ మేకర్." నాకు మిర్చి బజ్జీ కొనిపెట్టాడు. ఇంటికి నడిచి వచ్చాము.

1991 ఆగస్టులో చుండూరు జరిగింది. అప్పుడు నేను బి.ఎడ్. చదువుతున్నాను. పగలు క్లాసు, సాయంత్రం మీటింగులు, ఊరేగింపులు. ఆదివారం ఆబిడ్స్‌లో దుకాణాలు మూసి ఉంటే ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు పరుస్తారు కదా. మా అయ్య కూర్చునే జాగాలోనే ఆదివారం పూట పుస్తకాలుండేవి. అక్కడ 'ద మాంటిస్సోరి మెథడ్' పాత కాపీ దొరికింది, అట్ట లేనిది. పరీక్షకు పనికొస్తుందని కొన్నాను. చదువుతుంటే నా నల్లసంచి ఎదురయింది. పిల్లల కండ్లకు గంతలు కట్టి, చిన్నచిన్న దిమ్మెలు, నాణేలు, తర్వాత బియ్యం గోధుమ గింజలు చేతికిచ్చి గుర్తుపట్టించడం. వేళ్ళకు చూపు నేర్పించడం. దానికొక నోరు తిరగని గ్రీకు పేరు.

అంతకంటే నన్ను ఆపింది వేరే సంగతి. మేరియా మాంటిస్సోరి ఆ బడి పెట్టింది 1907లో, రోము నగరంలో శాన్ లొరెంజో అనే పేదవాడలో. తల్లిదండ్రులు కూలికి పోతే పిల్లలు గోడలు పాడు చేస్తున్నారని, వాళ్ళను ఒక గదిలో పెట్టి కనిపెట్టి ఉండమని ఇండ్ల యజమానులు ఆమెకు అప్పజెప్పారు. మా నాంపల్లి స్టేషన్ కట్టింది కూడా 1907లోనే. అంటే అది మాలాంటి వాడలో, మాలాంటి పిల్లల చేతుల మీద తయారయిన ఆట. 1939లో ఆమె మద్రాసు అడయారుకు వచ్చింది. యుద్ధం వచ్చి ఇటలీ శత్రుదేశమయితే 1946 దాకా ఇక్కడే ఉండిపోయింది, టీచర్లకు శిక్షణ ఇచ్చింది. అక్కడి నుంచి ఆమె పేరు దేశమంతా పాకింది. పాకి పాకి ఎక్కువగా ఎక్కడ చేరింది? ఫీజులు కట్టగలిగిన బళ్ళ బోర్డుల మీదికి. మన సర్కారు బళ్ళకు నల్లబల్లే గతి. ఆటకు కూడా పైకులం వస్తుందని నేనప్పుడు నోట్సులో రాసుకున్నాను. వయసు అటువంటిది. కానీ తప్పని ఇప్పటికీ అనుకోను.

ఆ పుస్తకంలో ఒక్క సంగతి లేదు. ఉండదు కూడా. ముట్టుకుంటే గాని తెలియదు అన్నది ఆ ఆట పునాది. చెయ్యి పెట్టు, తడుము, అప్పుడు చెప్పు. మన దేశంలో ఇది తలకిందులు. ఇక్కడ ముందే తెలుసు. తెలిసింది కాబట్టి ముట్టుకోరు. ముట్టుకోరు కాబట్టి వాళ్ళకు తెలిసింది తప్పని ఎన్నటికీ తెలియదు. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనం రద్దు అన్నది. అన్నది గాని, మన భాషలో 'అంటు' అన్న మాటను చూడండి. అంటుకట్టిన మామిడి తియ్యగుంటుంది. తిన్న గిన్నెలు అంట్లు. వాటిని తోమేది మా ఆడవాళ్ళు. అంటురోగం. అంటరానివాడు. ఒకే మాట చెట్టుకు మేలు, మనిషికి రోగం. బస్తీలో మేము ఆడే ముట్టుడాటలో కూడా ముట్టించుకున్నవాడే దొంగ.

ఆయమ్మ చెయ్యి కథను నేను చాలా సభల్లో చెప్పాను. 1994 తర్వాత దండోరా రోజుల్లో, అంబేద్కర్ జయంతుల్లో, హాస్టళ్ళలో విద్యార్థుల ముందు. మైకు ముందు చెయ్యి చాపి నిలబడి, ఎవరి చెయ్యీ రాలేదు అనేవాణ్ణి. హాలు నిశ్శబ్దమయ్యేది. ఆయమ్మ చెయ్యి రాగానే చప్పట్లు. ఆడవాళ్ళు కండ్లు తుడుచుకునేవారు. పదిహేనేండ్లు చెప్పాను. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో బాగా వచ్చింది నాకు.

ఇక ఇప్పటిదాకా ఏ సభలోనూ చెప్పనిది చెప్పాలి.

2009 వానాకాలం. నాంపల్లిలో ఒక సందు మొగదల రోడ్డు నిండా మురికినీళ్ళు. మ్యాన్‌హోల్ మూత తీసి, గుర్తుకు వేపకొమ్మ పెట్టారు. వెదురు బద్దలు, తాడు, బకెట్టు. కాంట్రాక్టరు మనిషి గొడుగు కింద ఫోన్లో మాట్లాడుతున్నాడు. లోపల్నుంచి ఒక మనిషి పైకి వచ్చాడు. ఒంటి మీద చెడ్డీ తప్ప ఏమీ లేదు. మొహం మీది బురద తుడుచుకుంటూ నన్ను చూసి, "అరె! మోచీవాలేకా బేటా హైనా తూ?" అన్నాడు.

గుర్తుపట్టలేదు. చెప్తే గుర్తొచ్చింది. మా బస్తీ చివర నల్లా అవతల నాలుగైదు మెహతర్ ఇండ్లు ఉండేవి. ఎప్పుడో ఉత్తరాది నుంచి వచ్చి పాయిఖానాలు ఎత్తే పనిలో పెట్టబడ్డవాళ్ళు. వాళ్ళ పిల్లగాడు. నా ఈడే. అతని పేరు ఇక్కడ రాయడం లేదు. వద్దన్నాడు. కొడుకు ఇప్పుడు ఏసీ ఆఫీసులో పని చేస్తున్నాడు, అక్కడ వాళ్ళ కులం ఎవరికీ తెలియదు.

కాళ్ళూ చేతులూ కడుక్కొని వచ్చాక ఇరానీ హోటల్ బయట నిలబడ్డాము. లోపలికి రమ్మంటే రానన్నాడు. బట్టలు తడిగా ఉన్నాయన్నాడు. లోపల ఎట్లా పని చేస్తారని అడిగాను. నాలోని మీటింగుల మనిషి అడిగాడు, మిత్రుడు కాదు.

"లోపట ఏం కనవడదు. బ్యాటరీ లైటు తీస్కపోయినా నీళ్ళల్ల ఏం కనిపిస్తది? మూత తీసినప్పుడు బొద్దింకలు ఉరుకుతుంటె గ్యాస్ లేనట్టు. చచ్చి ఉంటె దిగం. దిగినంక ముందు కాలు వెట్టాలె. మెత్తగ జారితె గుడ్డ. గుండ్రంగ దొర్లితె సీసా. గరగర అంటె ఇసుక పేరుకున్నది, గడ్డపార అడగాలె. తర్వాత మునిగి చెయ్యి వెట్టాలె. దవాఖాన లైనుల జాగర్త, సూదులుంటయి. బ్లేడు తెగినా ఎంబడే తెలవదు, చెయ్యి తిమ్మిరెక్కి ఉంటది. పైకొచ్చినంక నెత్తురు చూస్తం." వేళ్ళు మడుస్తూ, విప్పుతూ చెప్పాడు. పాఠం చెప్పినట్టు చెప్పాడు. మా అయ్య తోలు గురించి చెప్పినట్టే.

పాకీపనిని నిషేధిస్తూ 1993లో చట్టం వచ్చింది. అది పాయిఖానాల దగ్గర ఆగింది. మ్యాన్‌హోల్‌లోకి రక్షణ లేకుండా మనిషిని దింపడం నేరమనడానికి 2013 చట్టం దాకా పట్టింది. 2014లో సుప్రీంకోర్టు ఒక్కో చావుకు పది లక్షలు ఇవ్వమన్నది. 2023లో దాన్ని ముప్పై లక్షలు చేసింది. చావు ధర పెరిగింది గాని దిగడం ఆగలేదు. కోలార్ గనుల్లో తెలుగు పాకీపనివాళ్ళ ఇంట్లో పుట్టిన బెజవాడ విల్సన్, మన ఎస్.ఆర్. శంకరన్ గారు, వాళ్ళతో నడిచినవాళ్ళు ఎన్నేండ్లుగా కొట్లాడుతున్నారో చదువుకునే పిల్లలు తెలుసుకోవాలి. ఆ రోజు మాత్రం నాకు ఈ చట్టాలేవీ నోటికి రాలేదు.

ఆ గుర్తుపట్టే ముచ్చట వింటుంటే నాకు అయ్య పెట్టె యాదికొచ్చింది. "మనం కూడా ఆడేది గద, మా గుడిసె ముంగట, కండ్లకు గుడ్డ కట్టుకొని" అన్నాను. బడిలో నేర్చిన చేతుల ఆటను బస్తీలో నేనే మొదలుపెట్టాను. బడిలో ఆగిపోయినా బస్తీలో రెండేండ్లు ఆడాము. దానికి నేనే లీడర్ని. "నువ్వు గూడ ఉంటివి గద?" అన్నాను.

"ఉన్న" అన్నాడు. "నన్ను లెక్కవెట్టుమంటిరి."

అప్పుడు మొత్తం కనబడింది. అరుగు మీద అతను కూర్చొని ఒకటి నుంచి ఇరవై దాకా లెక్కపెట్టేవాడు. ఇరవై లోపల చెయ్యి ఎవరిదో చెప్పకపోతే ఔట్. ప్రతిరోజూ అతనే. నేనే చెప్పాను, "నువ్వు మంచిగ లెక్కవెడ్తవురా, నువ్వే ఉండు" అని. అతను సంబరంగా ఒప్పుకున్నాడు. నా మనసులో ఆ దృశ్యం ఇన్నేండ్లూ అట్లాగే ఉంది: వాడికి లెక్కలంటే ఇష్టం, వాణ్ణి మేము పెద్దను చేసి కూర్చోబెట్టాము. వాడి చెయ్యి పట్టుకోవాల్సిన అవసరం రాకుండా నేను ఒక పదవి కనిపెట్టాను. మా అమ్మ చెప్పిందా? "ఆళ్ళ పోరగాని తోటి ఆడుకోర్రి గాని మీద మీద పడకుర్రి" అనేది. అమ్మ మీద వెయ్యలేను. నాకు తొమ్మిదేండ్లు దాటాయి. చెయ్యి చాపుకొని నిలబడితే ఏమవుతుందో అప్పటికే తెలిసినవాణ్ణి. తెలిసి చేశాను. నా టీచర్ కంటే తెలివిగా చేశాను. ఆమెకు పదవి ఇవ్వాలన్న ఆలోచన రాలేదు.

ఇది రాయడానికి ఇంతకాలం ఎందుకు పట్టిందో మీరు అడగవచ్చు. షెడ్యూల్డు కులాల జాబితాలో మాదిగల పేరుంది, మెహతర్ల పేరూ ఉంది. పైవాడు నన్ను ముట్టలేదన్న కథకు హాలు నిండుతుంది. నేను నా కిందివాణ్ణి ముట్టలేదన్న కథను ఎక్కడ చెప్పాలి? మాలోళ్ళ ముందు చెప్తే చూశారా అంటారు. మాదిగోళ్ళ ముందు చెప్తే ఇప్పుడెందుకు అంటారు. ఊళ్ళో మా తాత ఇంటికి డక్కలోళ్ళు వస్తే గడప దాటనిచ్చేవాళ్ళం కాదు. అదీ చెప్పలేదు నేను ఏ సభలోనూ.

చాయ్ ఇంకా రాలేదు. నాకేం మాట్లాడాలో తోచలేదు. "ఇప్పుడు ఆడుదమా?" అన్నాను. పిచ్చిమాట. అతను నవ్వాడు. ఇంకోసారి పోయి నల్లా కింద చేతులు కడుక్కొని వచ్చాడు. వద్దన్నా వినలేదు. అంగీ అంచుకు తుడుచుకున్నాడు. కండ్లు మూసుకొని చెయ్యి చాపాడు.

నా చెయ్యి అందులో పెట్టాను. అతని వేళ్ళు చాలాసేపు తడిమాయి. బొటనవేలు కింద, వేళ్ళ కొసల మీద, మధ్యలో. బస్సులు పోతున్నాయి. పద్దెనిమిదేండ్ల చాక్‌పీసు నౌకరీ చేసిన చెయ్యి నాది. ఆరె గుచ్చిన మచ్చ లేదు, కాయ లేదు.

"ఎవరిదో చెప్పు" అన్నాను.

కండ్లు తెరవకుండానే తల అడ్డంగా ఊపాడు.

"ఎట్ల చెప్తరా? నీ చెయ్యి ఎన్నడన్న పట్టుకుంటినా?"

హోటల్ పిల్లగాడు రెండు చాయ్‌లు తెచ్చి మా పక్కన గోడ మీద పెట్టి పోయాడు.